అమావాస్య నాడు మగ్గం తొక్కిన కాంపౌండరు

ముందు ప్రమాణం.

కొత్తగా పశువుల ఆస్పత్రి మెట్లెక్కుతున్న పిల్లలారా, ఇక్కడ నేను రాయబోయేదంతా అక్షరాలా నిజం. చిత్రావతి ఇసుక మీద ఒట్టు. మా ఇంటి దేవుడు కదిరి నరసింహస్వామి మీద ఒట్టు. నా కుడి ముంజేతి మీద పిల్లి గీసిన గీతలు ఇంకా ఉన్నాయి, వాటి మీదా ఒట్టు. ఇందులో ఒక్క మాట అబద్ధమని తేలినా బంగారు పిల్లిని చేయించి దానం చేస్తాను. పిల్లిని చంపినవాడు చేసుకోవలసిన ప్రాయశ్చిత్తం అది. నిజాన్ని చంపినందుకు కూడా అదే వేసుకుంటున్నాను.

నన్ను ఎరిగినవాళ్లు ఇక్కడే నవ్వడం మొదలుపెడతారు. ధర్మవరం స్టేషన్లో ఒక ఎనుము టిక్కెట్టు కొనుక్కుని గుంతకల్లు పాసింజరు ఎక్కిందని చెప్పింది నేనే. కానీ ఆ రోజు నేను ఒట్టు పెట్టలేదు. ఒట్టు పెట్టని రోజు ఎనుము ఏ రైలైనా ఎక్కుతుంది.

యాభై అయిదు నిండగానే సర్కారు నా మెడలో పూలదండ వేసి ఇంటికి పంపింది. పళ్లన్నీ గట్టిగానే ఉన్నాయి, చెప్పడానికి కథలూ ఉన్నాయి. వినేవాళ్లు మాత్రం నన్ను చూసి సందు మారుతున్నారు. అందుకే రాస్తున్నాను. ఎప్పుడు పర్మనెంటు అయ్యానో, ఎక్కడెక్కడికి బదిలీ అయ్యానో మీకు అక్కర్లేదు. మీకు కావలసింది పిల్లి.

మా డాక్టరు గారు

"పిల్లేంది సామీ, మేం ఎద్దులకూ గొర్రెలకూ మందు పోయడానికి వచ్చినాం" అంటారు మీరు. నేనూ అట్లాగే అనుకున్నాను. ఎద్దు నిలబడుతుంది. గొర్రె తల వంచుతుంది. గాడిద కూడా ఒక తన్ను తన్ని ఊరుకుంటుంది. మన వృత్తిలో మనిషికి గర్వం దిగేది పిల్లి దగ్గరే.

యాభైల చివర్లో నేను ధర్మవరం పశువుల ఆస్పత్రిలో కాంపౌండరుగా ఉన్నాను. మా డాక్టరు మూర్తి గారు. గోదావరి ఒడ్డున పుట్టి, మద్రాసులో చదివి, ఏ జన్మ పాపమో మా కరువు సీమకు వచ్చి పడ్డారు. దిగిన రోజు వాకిట్లో నిలబడి చుట్టూ చూశారు.

"ఏవయ్యా, ఈ ఊళ్లో పచ్చగా ఉండేది ఏవైనా ఉందా?"

"ఉంది సార్. ఆస్పత్రి తలుపు. మొన్ననే రంగేసినారు."

ఆయన నవ్వలేదు. కానీ నన్ను బదిలీ చేయించనూ లేదు. పై అధికారి మంచివాడా కాదా అని తేల్చుకోవడానికి నేను వాడుకున్న కొలబద్ద అదొక్కటే. మూర్తి గారికి పుస్తకం బాగా తెలుసు, చేయి మెత్తన, ఎద్దు కొమ్ముకు భయపడరు. ఆయన భయపడేది ఒక్క పిల్లికే. ఆ భయానికి కారణం యాడికి అనే ఊరి దిక్కున ఉంది.

చెట్టు నాక్కోదు

యాడికి దగ్గర ఒక పల్లెలో చిన్నపరెడ్డి అని పెద్ద రైతు. పంచాయతీ ప్రెసిడెంటు కూడా. గొర్రెల గాలికుంటుకు మందు వేయడానికి మేం ఆ పల్లెకు పోయాం. ఆయన ఇంట్లో ఒక పిల్లి ఉండేది. దాన్ని పేలు పట్టాయి. మామూలు పేలు కాదు, ఎగిరే పేలు. మా దిక్కు వాటిని పిల్లిపేలు అంటారు. ఆవగింజ కన్నా చిన్నవి, నల్లగా, పక్కలు నొక్కినట్టు ఉంటాయి. వేలు పెట్టే లోపల అక్కడ ఉండవు.

రెడ్డి ఆలోచించాడు. ఆ ఏడు చెనిక్కాయ చేను మీద కంబళి పురుగు పడితే చల్లడానికి తెచ్చిన పొడి ఇంట్లో మిగిలి ఉంది. దాన్ని రెండు చేతులతో తీసి, మొహానికి పౌడరు అద్దినట్టు పిల్లికంతా అద్దాడు.

మేం పోయేసరికి పిల్లి వణుకుతోంది. నోట్లో నురగ.

"ఏం చేశారండీ?" అన్నారు మూర్తి గారు.

"పొడి ఏసినా సార్. చేన్లో అంత లావు కంబళి పురుగే చచ్చింది, ఇంత పేను చావదా?"

మూర్తి గారు పిల్లిని నీళ్లలో కడిగారు, ఏదో సూది వేశారు. సాయంత్రానికి అది ఆయన ఒళ్లోనే పోయింది. అప్పుడు ఆయన అన్న మాట నేను నా సర్వీసంతా గుర్తుంచుకున్నాను. మీరూ గోడ మీద రాసుకోండి.

"చెట్టు తనను తాను నాక్కోదండీ. పిల్లి నాక్కుంటుంది. పిల్లి ఒంటి మీద ఏం వేసినా కడుపులో పోసినట్టే."

పొడి కానీ, ఫినాయిలు కానీ, కిరసనాయిలు కానీ, గొర్రెలను ముంచే మందు కానీ, పిల్లి దగ్గరికి తీసుకుపోవద్దు. ఎద్దుకు మేలు చేసేదే పిల్లిని చంపుతుంది. ఈ ఒక్క మాట పట్టుకుని తక్కిన కాగితాలన్నీ పొయ్యిలో పెట్టినా నాకు బాధ లేదు.

ఇక అసలు తగువు. ఇంట్లో పిల్లి చచ్చింది, కాబట్టి బంగారు పిల్లిని చేయించి దానం ఇవ్వాలి. రెడ్డి పురోహితుణ్ని పిలిపించాడు.

"ఎంత పిల్లి చేయించాల సామీ?"

"శక్తి కొద్దీ రెడ్డీ."

"నా శక్తి చింతగింజంత."

"చింతగింజకు తోక యాడ పెడతావు?"

"పిల్లి పడుకోనుండాది సామీ. తోక కిందికి మడిచుండాది."

పురోహితుడు ఒప్పుకున్నాడు. అంతటితో అయిపోతే బాగుండేది. రెడ్డి మా డాక్టరు దిక్కు తిరిగాడు. "అయినా నా చేతిలో చావలేదు గదా సార్ అది. మీ ఒళ్లో చచ్చింది. సగం చింతగింజ మీది."

మూర్తి గారు నిజంగానే సగం చింతగింజ ఇచ్చుకున్నారు. ఆ రోజు నుంచి ఆస్పత్రి వాకిట్లో "మ్యావ్" అని వినపడితే ఆయన లోపలి గదిలోకి పోయి గొళ్లెం వేసుకునేవారు.

అవ్వ బుట్ట

ఒక ఎండాకాలం ఉదయం నాగమ్మవ్వ వచ్చింది. చేతిలో బుట్ట, బుట్ట మీద పాత చీర పేలిక, పేలిక కింద ఏదో కదులుతోంది.

"ఏమప్పా, డాక్టరు ఉండాడా?"

లోపలి గదిలోంచి సన్నగా వినపడింది. "లేడని చెప్పు."

"లేడంట అవ్వా."

"లేనోడు ఎంత స్పష్టంగా మాట్లాడతాండాడప్పా!" అని బుట్ట నా బల్ల మీద పెట్టింది.

పేలిక తీస్తే పిల్లి. బూడిద రంగు ఒళ్లు, వెన్ను మీద తల నుంచి తోక దాకా పసుపు చార. ఆ చార వల్లే దాని పేరు జరీ. నన్ను చూసి చెవులు వెనక్కి వాల్చింది. నా ముంజేతి మీది గీతల్లో మొదటిది అప్పుడే పడింది.

అవ్వ చెప్పింది ఇది. ఆమె కొడుకు చౌడప్ప పట్టుచీరలు నేస్తాడు. పడుగూ పేకా శావుకారువి, చేతులు చౌడప్పవి. వాళ్లది గుంత మగ్గం. చూడనివాళ్ల కోసం చెప్తున్నాను. నేతగాడు నేల మీదే కూర్చుంటాడు, మగ్గం కింద తవ్విన గుంతలోకి కాళ్లు వేలాడేసి, అడుగున ఉండే తొక్కుడు పలకలను ఒకదాని తర్వాత ఒకటి తొక్కుతాడు. కాలు తొక్కేది ఒక్క క్షణం తప్పినా చీరలో తప్పు పడుతుంది.

"గుంతలో కాళ్లు పెడితే చాలప్పా, కుట్టి పెడతాండాయి. వాడు ఉలిక్కిపడి కాలు ఎగరేస్తాడు, చీరలో జరీ పోగు దాటుతాది. శావుకారు చూసినాడు. మళ్లా అమావాస్య మర్నాడు వస్తానన్నాడు. ఇంగొక్క తప్పు కనపడితే పిల్లిని గోనెసంచిలో ఏసి బత్తలపల్లె బస్సెక్కిస్తాడంట."

"ఎక్కించనీలే అవ్వా. బత్తలపల్లెలో ఎలకలు లేవా?"

ఆమె నన్ను చూసిన చూపుకు నేను బల్ల మీద ఉన్న సీసాలు సర్దుకోవడం మొదలుపెట్టాను.

"ఎలకల కోసం కాదప్పా. పడుగుకు పెట్టిన గంజికి ఎలకలు వస్తాయి, నిజమే, వీడు లేకపోతే రాత్రికి రాత్రే పట్టు కొరికి పెడతాయి. అది శావుకారుకు కావాల. నాకు కావాల్సింది ఏరే. నేను పగలంతా కండెలు చుడతా. నాకు కండ్లు మసక, దారం తెగినా తెలీదు. వీడు నా ఒళ్లో కూర్చోని రాట్నం దిక్కే చూస్తాంటాడు. దారం తెగితే చెవులు నిక్కపొడుస్తాడు. నేను కండె చుట్టకపోతే నా కోడలు నాకు బువ్వ పెట్టదా? పెడతాది. కానీ ఉత్తచేతుల్తో తినాల."

ఆ తర్వాత నేను బత్తలపల్లె గురించి మాట్లాడలేదు.

వరస కట్టిన పిడుదులు

మర్నాడు వాళ్లింటికి పోయాను. పిల్లి పేలకు నేను నమ్మేది ఒకటే, ఆడవాళ్లు పేలు దువ్వుకునే సన్న పళ్ల చెక్క దువ్వెన. పిల్లిని గోనెపట్టలో తల ఒక్కటే బయటికి ఉండేటట్టు చుట్టాలి. కొంచెం కొంచెంగా పట్ట తీస్తూ, మెడ నుంచి తోక దాకా దువ్వాలి. దువ్వెనలో చిక్కిన పేలను సబ్బు కలిపిన వేడినీళ్లలో ముంచాలి. చేత్తో నలపాలని చూడొద్దు, ఎగిరి మీ మీసంలో దూరుతాయి. నాకు ఆ రోజుల్లో మీసం ఉండేది. ఎందుకు తీసేశానో ఇప్పుడు అర్థమైంది కదా.

దువ్వుతూ ఉండగా శావుకారు సుబ్బరాయ శెట్టి వచ్చాడు. చెడ్డవాడు కాదు, కాని ప్రతిదీ తనే ముందు కనిపెట్టాలనే జబ్బు ఉంది. పిల్లి పొట్ట దిక్కు వేలు చూపించాడు.

"ఇదో! ఎగిరే పేలంటా దువ్వుతాండావు, పిడుదులు కనపడలేదా? ఒక దండు ఉండాది ఈడ!"

చూశాను. పొట్టకు అటూ ఇటూ, జుట్టు మధ్యలో, చిన్న చిన్న బుడిపెలు.

"శావుకారూ, పిడుదులు రెండు వరసలు కట్టి, సమంగా దూరం పాటించి కూర్చుంటాయా?"

"సిగ్గూ శరం ఉండే పిడుదులేమో! జరుగు, నేను పీకుతా."

"అవి వాడి చనుబుడిపెలు సామీ."

"మొగ పిల్లికి చనుబుడిపెలేందప్పా!"

"మీ చొక్కా విప్పి చూసుకోండి," అంది అవ్వ.

శావుకారు అప్పటికే ఒకదాన్ని పట్టి లాగాడు. తర్వాత జరిగింది రాయను. ఆ తర్వాత గోనెసంచి తెచ్చిన రోజు ఆయన ఎడమచేత్తోనే ఎందుకు తెచ్చాడో మీరే ఊహించుకోండి. మీకు మాత్రం చెప్తున్నాను, ఏ జంతువు మీద ఏ బుడిపె కనపడినా లాగే ముందు చూడండి. నెత్తురు తాగే పిడుదుకు కాళ్లుంటాయి. చనుబుడిపెకు ఉండవు. ఈ తేడా తెలియక పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా గీకించుకున్నారు.

బస్సూ, ఊరూ

సాయంత్రానికి జరీ ఒంటి మీద ఒక్క పేను లేదు. నేను మీసం దువ్వుకుంటూ ఆస్పత్రికి వచ్చాను. మర్నాడు చౌడప్ప గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పిక్కల నిండా ఎర్రటి దద్దుర్లు.

"ఏమప్పా కాంపౌండరూ, దువ్వినావో, పిలిచినావో? నిన్నటికంటే ఎక్కువ కుడతాండాయి!"

మళ్లీ పోయాను. పిల్లిని దువ్వితే రెండో మూడో దొరికాయి. నాకు తిక్క పుట్టింది. కాళ్లు నొప్పి పెడుతుంటే చౌడప్ప చోటులో కూర్చుని, గుంతలోకి కాళ్లు వేలాడేసి ఆలోచిస్తున్నాను. ఆ రోజు ఉతికిన తెల్ల పంచె కట్టుకున్నాను. చూస్తుండగా ఆ పంచె అంచు మీద ఒక నల్ల చుక్క. పక్కన ఇంకొకటి. కింది నుంచి పైకి ఎక్కుతున్నాయి.

పిల్లి అప్పుడు ఇంట్లో లేదు. అవ్వతో పక్కింటికి పోయింది.

అప్పుడు తెలిసింది. ఎండాకాలం మధ్యాహ్నం ఆ ఇంట్లో చల్లటి చోటు గుంత ఒక్కటే. చౌడప్ప అన్నానికి లేస్తే జరీ అందులో పడుకుంటాడు. ఏళ్ల తరబడి దుమ్ము, పట్టు నూగు, పిల్లి జుట్టు అడుగున పేరుకుని ఉంది. పేలు పిల్లి మీద గుడ్లు పెడతాయి, గుడ్లు జారి ఆ దుమ్ములో పడతాయి. అక్కడే పురుగులై పెరుగుతాయి. పిల్లి వాటికి బస్సు మాత్రమే, వాటి ఊరు గుంత. నేను బస్సును కడిగి ఊరు శుభ్రమైందనుకున్నాను.

పిల్లిపేల గురించి నాకు తెలిసిన శాస్త్రమంతా ఇంతే. పిల్లి మీద దొరికేవి కొన్నే, మిగతావి అది పడుకునే చోట ఉంటాయి.

గుంతలో మందు చల్లలేం, జరీ అందులో పడుకుని నాక్కుంటాడు. పైన శావుకారు పట్టు ఉంది, కాబట్టి వేడినీళ్లు కుమ్మరించలేం. ఇక చేత్తోనే గోకి తీయాలి. నేను తలకిందులుగా గుంతలోకి దిగాను. అప్పట్లో కొంచెం ఒళ్లుండేది. నడుము దాకా పోయి ఇరుక్కుపోయాను. చౌడప్ప ఒక కాలు, వాళ్లావిడ ఒక కాలు పట్టి లాగారు. అవ్వ మాత్రం, "లాగొద్దండప్పా, ఆడనే ఉండనీ, ఎట్లాగూ దిగినాడు గదా, మూలలు గూడా గోకనీ," అంది.

మూలలు కూడా గోకాను. దుమ్మంతా తట్టలో వేసి ఊరి బయట కాల్చారు. అడుగునూ గోడలనూ సున్నంతో మెత్తారు. జరీని రోజూ దువ్వారు. చౌడప్ప కాళ్లు నెమ్మదించాయి.

అమావాస్య

ఇక గెలిచామనుకున్న రోజు చౌడప్ప ఒక మాట అన్నాడు.

"ఇప్పుడు బాగుండాదిలేప్పా. భయమంతా అమావాస్య మర్నాడే. ప్రతిసారీ ఆ పొద్దే ఎక్కువ కుడతాయి. చీరల్లో తప్పులన్నీ ఆ పొద్దువే."

నేతగాళ్లు అమావాస్య నాడు మగ్గం ముట్టరు. ఎంత తొందర పనైనా ఆ రోజు సెలవు. ఇల్లంతా గుడికో చుట్టాలింటికో పోతారు. తప్పులు ఆ మర్నాడే పడతాయని శావుకారుకూ తెలుసు, అందుకే లెక్కగా ఆ రోజే వస్తానన్నాడు.

"అమావాస్య నాడు పిల్లి ఏందో చేస్తాదప్పా. దానికి ఆ పొద్దు గాలి సోకుతాది," అంది కోడలు.

నేను మూర్తి గారి దగ్గరికి పోయాను. పిల్లి పేరు ఎత్తగానే గొళ్లెం దిక్కు చూశారు. కానీ అమావాస్య మాట వినేసరికి ఆయనకు కుతూహలం పుట్టింది. మద్రాసు నుంచి తెచ్చుకున్న లావు పుస్తకం తీశారు. చాలాసేపు చదివారు.

"ఇదిగోనయ్యా. పురుగు పెరిగాక చిన్న గూడు కట్టుకుంటుందట. లోపల పేను తయారయినా బయటికి రాదట. అట్లాగే ఆకలితో కాచుకుని కూర్చుంటుందట. అడుగుల అదురు తగిలిందా, ఎవరో వచ్చారని అన్నీ ఒక్కసారే బయటికి దూకుతాయట!"

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అమావాస్య నాడు మగ్గం కదలదు. ఆ రోజు తయారైనవన్నీ గూళ్లలో కాచుకుంటాయి. మర్నాడు చౌడప్ప మొదటి తొక్కు తొక్కగానే పెళ్లి పంక్తికి లేచినట్టు లేస్తాయి. సున్నం పగుళ్లలో మిగిలినవి ఎన్నో ఎవరికి తెలుసు? శావుకారు చూసేది ఆ తొక్కునే.

అంటే చౌడప్ప కన్నా ముందు ఎవరో తొక్కాలి. అమావాస్య నాడే తొక్కాలి.

ఆ మాట చెప్పగానే చౌడప్ప రెండు చెవులూ మూసుకున్నాడు. "అమావాస్య నాడు మగ్గమా! మా తాతల కాలం నుంచి ముట్టలేదప్పా!"

అవ్వ కాసేపు జరీ వీపు నిమిరింది. తర్వాత తీర్పు చెప్పింది.

"నేసేటోడు ముట్టగూడదు. ఈ కాంపౌండరుకు నేసేది తెలుసునా? తెలీదు. ఈయన తొక్కితే అది తొక్కుడే గానీ నేత గాదు. మేక ఎక్కి తొక్కితే తప్పు పట్టుకుంటామా?"

మేకతో పోల్చినందుకు నేను నొచ్చుకున్నాను. కానీ తీర్పు తీర్పే.

అమావాస్య పొద్దున చౌడప్ప కళ్లతో చూడకూడదని కదిరి పోయాడు. జరీ బుట్టలో పక్కింట్లో ఉన్నాడు. నేను మోకాళ్ల దాకా తడి తెల్ల గుడ్డలు చుట్టుకుని గుంతలోకి కాళ్లు వేశాను. అవ్వ కాగే నీళ్ల కుండతో పక్కన. మూర్తి గారు గుమ్మం దగ్గర స్టూలు మీద, కాళ్లు పైకి పెట్టుకుని.

తొక్కాను. ఏమీ లేదు. మళ్లీ తొక్కాను. అప్పుడు లేచాయి. పోపులో ఆవాలు చిటపటలాడినట్టు ఎగిరాయి. తెల్ల గుడ్డలు చూస్తుండగా చుక్కల గుడ్డలయ్యాయి. అవ్వ గుడ్డ విప్పి కుండలో ముంచడం, ఇంకొకటి చుట్టడం, నేను తొక్కడం. ఒక పేను ఎంత పెద్దదంటే దానికి నాకన్నా మంచి మీసముంది. "అబద్ధమాడకు, నాకు మసక కండ్లైనా కనపడతాండాది," అంది అవ్వ.

మధ్యాహ్నానికి ఎంత తొక్కినా గుడ్డ తెల్లగానే ఉంది. అక్కడ ఆగి ఉండవలసింది. కానీ నా చేతి ముందు తాడు వేలాడుతోంది. దాన్ని లాగితే నాడె పడుగు మధ్యలో ఈ కొస నుంచి ఆ కొసకు పరుగెత్తుతుంది. నాడెలో కొంగుకు వాడే జరీ పోగు ఉంది. మనిషిని తాడు ముందు కూర్చోబెట్టి లాగొద్దంటే ఎట్లా? లాగాను. నాడె పరుగెత్తింది. ఎంత బాగుందో! ఇంకొకసారి లాగాను. ఇంకొకసారి. సరిగ్గా అప్పుడు మిగిలిపోయిన ఒకే ఒక్క పేను గుడ్డ దాటి తొడ మీద కుట్టింది. నా కాలు ఎగిరింది.

"ఓరి నీ పాడుగాను!" అంది అవ్వ.

సంచి

మర్నాడు శావుకారు ఎడమచేత్తో గోనెసంచి పట్టుకుని వచ్చాడు. మగ్గం పక్కన కూర్చున్నాడు. కొడుకు కాళ్ల దిక్కు చూడకుండా అవ్వ జరీని ఒళ్లో పెట్టుకుని కండె చుడుతోంది. ఆమె చేతిలో దారం తెగింది. జరీ చెవులు నిక్కపొడిచాడు. ఆమె చూడలేదు.

చౌడప్ప తొక్కాడు. కాలు కదలాల్సిన చోట కదిలింది, ఆగాల్సిన చోట ఆగింది. ఒక్క పేను లేవలేదు. శావుకారు చాలాసేపు చూశాడు. సంచి మడిచి చంకలో పెట్టుకోబోయాడు. అంతలో ఆయన కన్ను కొంగు మీద పడింది.

"ఇదేంది?"

జరీ పోగు పడుగు కిందికి దూరాల్సింది దూరకుండా, ఒక చోట పైనే నిలిచి వంకరగా మెరుస్తోంది. నిన్నటి నా ఘనకార్యం. ఊడదీస్తే పట్టు తెగుతుందని చౌడప్ప వదిలేశాడు.

సంచి మడత విప్పుకుంది. అవ్వ రెండు చేతులూ జరీ మీద వేసింది.

నేను ముందుకు వచ్చాను. "శావుకారూ, అది తప్పు కాదు. కొత్త డిజైను. బెంగుళూరులో ఇదే నడుస్తాండాది," అన్నాను. ఆయన నన్ను చూశాడు, చీరను చూశాడు, ఆ చీర బెంగుళూరు తీసుకుపోయాడు. అక్కడ ఒక పెద్దింటి ఆమె దాన్ని చూసి మురిసిపోయి, ఇట్లాంటివే ఇంకా కావాలంది. ఏడాది పొడుగునా ధర్మవరంలో నేతగాళ్లంతా కావాలని కాళ్లు ఎగరేశారు. ఆ డిజైనుకు 'పిల్లిపేను బుటా' అని పేరు. జరీ అవ్వ ఒళ్లోనే ముసలివాడయ్యాడు. ప్రతి అమావాస్యకూ నేను పోయి మగ్గం తొక్కి వచ్చేవాణ్ని, ఒక్క పేనూ లేవని నెల వచ్చేదాకా.

మీరు నేర్చుకోవలసింది ఇది. పిల్లిని దువ్వండి, పొడి వేయకండి, అది పడుకునే చోటు వెతకండి. పేలు లేకుండా పోయాయనుకున్న రోజు, అవి కాచుకుని ఉన్నాయేమో చూడండి. ఎదురుగా తాడు ఉంటే లాగకండి.

ఒప్పుకోలు

ఇంతవరకు రాసి, కాగితాలు కిటికీ దగ్గర పెట్టి స్నానానికి పోయాను. వచ్చేసరికి నా భార్య రత్నమ్మ వాటిని చదువుతోంది.

"ఒట్టు పెట్టినావు."

"పెట్టినా."

"బెంగుళూరామె యాడుంటాది? ఏ వీధి?"

సరే, రాస్తున్నాను. బెంగుళూరు అబద్ధం. పిల్లిపేను బుటా అబద్ధం. తక్కినదంతా, మీసమున్న పేనుతో సహా, నిజం. ఆ రోజు సంచి విప్పుకోగానే నా నోట్లోంచి ఏ కథా రాలేదు. అవ్వ చేతులు చూశాక రాలేదు. "అది పిల్లి చేసింది కాదు శావుకారూ, నా కాలు," అన్నాను. ఆయన సంచి నా దిక్కు చాపాడు. "అయితే నువ్వే ఎక్కు బత్తలపల్లె బస్సు." అందరూ నవ్వారు, ముందు ఆయనే. మగ్గం మీంచి దించాక ఆ చీర తెచ్చి నా చేతిలో పెట్టాడు. "చెడిపినోడే తీసుకోవాల."

"నాకెందుకు శావుకారూ, కట్టుకునేవాళ్లు లేరు."

"లేకుంటే చూసుకో," అని తనకల్లులో తనకు తెలిసిన ఒక ఇంటి పేరు చెప్పాడు. రత్నమ్మది ఆ ఇల్లే. మా పెళ్లికి ఆమె కట్టుకున్నది ఆ చీరే. కొంగు మీది వంకర చూసి ఇదేమిటని అడిగితే, బెంగుళూరులో పేరు మోసిన డిజైనని చెప్పాను. అప్పుడు మొదలైన అబద్ధమది. ఇన్నేళ్లూ ఆమె నమ్మిందనుకున్నాను.

"నమ్మలేదు," అంది రత్నమ్మ. "పెళ్లిలోనే నాగమ్మవ్వ నా చెవిలో చెప్పింది."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"అబద్ధం చెప్పేటప్పుడు నీ మొహం బాగుంటాది." కాగితాలు మడిచి నా చేతిలో పెట్టింది. "ఇంగ బంగారు పిల్లి సంగతి చూడు. ఒట్టు తప్పినావు."

పింఛను మీద బతికేవాడికి చింతగింజంత పిల్లి కూడా ఎక్కువే. ఆ మాటే అన్నాను. ఆమె లేచి పెట్టె తెరిచి, ఆ చీర తీసి, కొంగు నా ఒళ్లో పరిచింది. ఇన్నేళ్లలో నేను దాన్ని దగ్గరగా చూడలేదు. తప్పు చేసినవాడు చూడడు. ఆమె కొంగును కొంచెం పక్కకు తిప్పి, వెలుతురుకు పెట్టింది.

కొంగు మీద బంగారు జరీ. పైన చిన్నగా రెండు కొసలు, చెవుల్లాగా. కింద గుండ్రంగా ఒళ్లు. పక్కకు సాగి వంగిన ఒక పోగు, తోక.

"ఎప్పుడో చేయించినావు," అంది. "నీ కాలితోనే."

"దానం చేయాల గదా మరి?"

"చేసినావు గదా, నాకు," అని కొంగు మడిచి పెట్టెలో పెట్టేసుకుంది.